గోడమీది సూత్రాలు

విద్యార్థి సంఘం వారు ఈ ఏడాది సావనీరుకు "పూర్వ విద్యార్థిగా ఏదైనా వ్రాయండి సార్, మరీ టెక్నికల్‌గా మాత్రం వద్దు" అని కోరారు. టెక్నికల్‌గా వద్దంటే ఇంకేం వ్రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. సాఫ్ట్‌వేరు ఉద్యోగం అనగానే జీతం, అమెరికా, రాత్రి డ్యూటీలు, ఈ మూడే జనానికి గుర్తొస్తాయి. ఆ మూడింటి గురించీ మీకు నాకంటే ఎక్కువే తెలుసు. కనుక బయటివారికి అంతగా తెలియని ఒక సంగతి ఎత్తుకుంటాను. పదిమంది ఇంజనీర్లు కలిసి ఒకే వస్తువును తయారు చేస్తున్నప్పుడు, ప్రతి చిన్నదానికీ పైవాడి దగ్గరికి పరుగెత్తకుండా ఎవరి బల్ల దగ్గర వారు ఎలా నిర్ణయం తీసుకుంటారు? అందుకు కొన్ని సూత్రాలు పెట్టుకుంటారు. ఆ సూత్రాలు ఎక్కడినుంచి వస్తాయి, ఎవరు ఎంచుకుంటారు, పనిలోకి దిగాక వాటి గతి ఏమిటి అన్నదే నా విషయం.

సూత్రం అనే మాట మనకు కొత్తది కాదు గదా. ఇంటర్మీడియట్‌లో మా తెలుగు మేస్టారు సంధులు చెబుతూ, సూత్రం ఒకటి బల్లమీద వ్రాసి, వెంటనే "ఇది నిత్యమా, వైకల్పికమా, బహుళమా?" అని అడిగేవారు. చిన్నయసూరి 1858లో అచ్చువేసిన బాలవ్యాకరణంలో ఈ మూడు మాటలూ ఎంత జాగ్రత్తగా వాడాడో అప్పట్లో మాకు తలనొప్పిగానే ఉండేది. నిత్యం అంటే ఎప్పుడూ జరిగేది. వైకల్పికం అంటే జరగనూవచ్చు, మానావచ్చు. ఇక బహుళం ఉందే, అది ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట మన ఇష్టం, మరొకచోట అసలు ఇంకేదో జరుగుతుంది. ఇన్నేళ్ళు ఈ వృత్తిలో ఉండి చెబుతున్నాను, మా సాఫ్ట్‌వేరు సూత్రాల్లో నూటికి తొంభై బహుళమే. కాని వాటిని వ్రాసినవాళ్ళు కాకపోయినా, మోసుకొచ్చినవాళ్ళు ఆ ఒక్క మాటను దారిలో ఎక్కడో జారవిడుస్తారు.

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. "సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు" అనే పేరు బాగా వాడుకలోకి వచ్చింది 1968 అక్టోబరులో. జర్మనీలోని గార్మిష్ అనే ఊళ్ళో నాటో సైన్సు కమిటీ పెట్టిన సభ అది. వంతెన కట్టేవాడికి ఒక శాస్త్రం ఉంది, ప్రోగ్రాము కట్టేవాడికి ఏదీ లేదే అన్న బాధతోనే ఆ పేరు పెట్టారు. అదే ఏడాది మార్చిలో డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఒక పత్రికకు చిన్న ఉత్తరం వ్రాశాడు. ప్రోగ్రాములో "గో టు" అనే ఆజ్ఞను ఇష్టం వచ్చినట్లు వాడితే, అది నడిచే తీరు మనిషి బుర్రకు అందకుండా పోతుందని దాని సారాంశం. ఆ ఉత్తరానికి అందరికీ గుర్తుండిపోయిన శీర్షిక పెట్టింది ఆయన కాదు, సంపాదకుడు విర్త్. అంతే, వాదన ఎవరూ చదవలేదు, శీర్షిక మాత్రం అందరి నోటా పడింది. 1974లో నూత్ అనే మరో మహానుభావుడు, ఎక్కడ గో టు మానాలి, ఎక్కడ వాడితేనే మేలు అని ఒక పెద్ద వ్యాసం వ్రాయవలసి వచ్చింది.

తమాషా ఏమంటే ఆ వ్యాసానికీ అదే గతి పట్టింది. వేళకాని వేళ వేగం కోసం ప్రోగ్రామును మెలికలు తిప్పడమే సర్వ అనర్థాలకూ మూలమని ఆయన అందులో ఒకచోట అన్నాడు. దీన్ని మా వృత్తిలో వల్లించని వాడు లేడు. అయితే నూటికి 97 పాళ్ళు చిన్నచిన్న వేగాల సంగతి మరిచిపొమ్మన్న ఆ మనిషే, వెంటనే మిగతా 3 పాళ్ళ దగ్గర అవకాశాన్ని వదులుకోవద్దని కూడా చెప్పాడు. మొదటిది సోమరికి పనికొచ్చే మాట. రెండోది పని చెప్పే మాట. ఏది నిలిచిందో మీరే ఊహించుకోండి.

ఇంతవరకూ నవ్వుకునే వ్యవహారమే. నవ్వలేనిది 1996 జూన్ 4న జరిగింది. ఐరోపా వారి ఏరియన్ 5 రాకెట్టు మొదటి ప్రయోగం. పైకి లేచి ఇంకా 40 సెకన్లు కాకుండానే దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. తర్వాత వేసిన విచారణ సంఘం నివేదికను మన ఇంజనీరింగు విద్యార్థులంతా ఒక్కసారైనా చదవాలని నా అభిప్రాయం. అందులో దొంగ ఎవడూ లేడు, తాగుబోతు ఎవడూ లేడు, బుద్ధిమంతులే అందరూ. ప్రతివాడూ ఏదో ఒక మంచి సూత్రాన్నే పాటించాడు.

మొదటి సూత్రం, బాగా పనిచేస్తున్న దాన్ని ముట్టుకోకు. ఏరియన్ 4లో చక్కగా నడిచిన దిక్సూచి ప్రోగ్రామునే ఏరియన్ 5లోకి తెచ్చారు. అందులో ఒక భాగం రాకెట్టు నేలమీద ఉన్నంతసేపే పనికొచ్చేది. పాత రాకెట్టుకు ఏదో అవసరం ఉండి, లేచాక కూడా 40 సెకన్లపాటు దాన్ని నడవనిచ్చేవారు. కొత్తదానికి ఆ అవసరమే లేదు. అయినా ఉంచారు. రెండో సూత్రం, కంప్యూటరు మీద బరువు ఒక హద్దు దాటకూడదు. అందుకని పెద్ద అంకెను చిన్న గదిలో ఇరికించే ఏడు చోట్ల నాలుగింటికే రక్షణ పెట్టి, మిగిలిన మూడింటినీ వదిలేశారు. పాత రాకెట్టు వేగానికి ఆ అంకెలు పెరగవని లెక్క చూసుకునే వదిలారు. కొత్త రాకెట్టు తొలి క్షణాల్లోనే పాతదానికంటే జోరుగా పక్కకు వాలుతుంది. 64 బిట్ల అంకె ఒకటి 16 బిట్లలో పట్టక పొంగింది. ఇక మూడో సూత్రం, ఇదే అసలైనది. లోపం కనిపిస్తే ఆ యంత్రం తనంతట తాను ఆగిపోవాలి, పక్కనున్న రెండో యంత్రం పని అందుకోవాలి. తీగ తెగితేనో, చిప్పు కాలిపోతేనో ఇది బంగారం లాంటి సూత్రం. కాని రెండు యంత్రాల్లోనూ ఉన్నది ఒకే ప్రోగ్రాము. రెండోది ముందే ఆగిపోయింది, మొదటిది కొన్ని మిల్లీసెకన్ల తేడాతో దాని వెనకే ఆగింది. చేతికి అందుకోవడానికి మూడోది లేదు.

యంత్రం చెడిపోవడం వేరు, ప్రోగ్రాము తప్పుగా ఉండడం వేరు. ఒకదానికోసం పుట్టిన సూత్రాన్ని రెండోదానికి తొడిగారు. నివేదికలో సారం అదే. ఈ సంగతి తెలిశాక నాకు ఎవరైనా "ఇది మా సూత్రం" అని చెప్పినప్పుడల్లా "ఏ ఊళ్ళో పుట్టింది, ఏ జబ్బుకు మందు?" అని అడగాలనిపిస్తుంది.

సరే, నా స్వంత అనుభవానికి వస్తాను. నేను పనిచేసిన కంపెనీల పేర్లు ఎందుకులెండి. హైదరాబాదులో తొమ్మిదిమంది జట్టు మాది. కాలేజీ విద్యార్థులకు ఫీజు సహాయం ఇచ్చే ఒక కార్యాలయం కోసం దరఖాస్తుల ప్రోగ్రాము చేస్తున్నాం. పని మొదలైన కొత్తలో మేనేజరుగారు మా అందరినీ ఊరి బయట ఒక రిసార్టుకు తీసుకెళ్ళారు. తలా ఒక రంగు చీటీల కట్ట ఇచ్చి, మన జట్టుకు ఏ సూత్రాలు ఉండాలో వ్రాయండి అన్నారు. మధ్యాహ్నం బిరియానీ అయ్యేసరికి పదకొండు సూత్రాలు తేలాయి. నాణ్యతే ప్రాణం. సరళతే అందం. వినియోగదారుడే దేవుడు. ఒకరినొకరం గౌరవించుకుందాం. అన్నీ ఏకగ్రీవంగా ఆమోదించాం. ఎంత ఏకగ్రీవమంటే ఒక్కదాని మీద కూడా వాదన రాలేదు. వాటిని రంగుల్లో అచ్చువేయించి, అద్దం బిగించి, మా గదిలో వాటర్ క్యాన్ పైన వేలాడదీశారు.

ఆరు నెలలు గడిచాయి. టెస్టింగు చూసే అమ్మాయి ఒక రోజు మీటింగులో మెల్లగా అంది, "సార్, మనం రోజూ పోట్లాడుకుంటున్నాం కదా. ఇన్ని పోట్లాటల్లో ఒక్కరైనా ఆ గోడ వైపు చూపించి మాట్లాడారా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. వాటర్ క్యాన్ మాత్రం బుడబుడమంది.

మా జట్టులో అందరికంటే పెద్దావిడ ఒకరుండేవారు. 1999లో, రెండంకెల సంవత్సరాలతో 2000లోకి అడుగుపెడితే ఏమవుతుందోనని ప్రపంచమంతా భయపడుతున్న రోజుల్లో, బ్యాంకుల కోబాలు ప్రోగ్రాములు వరుసవరుసా చదివి దిద్దిన మనిషి. ఆవిడ ఆ అద్దం కిందికి దింపించి, ఒక్కొక్క సూత్రానికీ ఒకే ప్రశ్న వేశారు. "దీనికి ఎదురుమాట బుద్ధి ఉన్నవాడెవడైనా చెప్పగలడా?" నాణ్యత వద్దని ఎవడంటాడు? గౌరవించుకోవద్దని ఎవడంటాడు? ఎవడూ అననిదాన్ని గోడమీద వ్రాసుకుంటే అది దేన్నీ తేల్చదు. పదకొండులో తొమ్మిది ఆ ఒక్క ప్రశ్నతోనే పోయాయి.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. సూత్రాలు వ్రాయవద్దన్నారు. గడిచిన మూడు నెలల్లో ఒక్క రోజుకంటే ఎక్కువ నడిచిన తగాదాలన్నీ వ్రాయమన్నారు. రెండు వైపులా మంచివాళ్ళే ఉండి, రెండు వైపులా న్యాయం ఉండి, అయినా తెగని తగాదాలు. అక్కడే సూత్రం కావాలట. తగాదా లేనిచోట సూత్రం ఎందుకు, గోడకు మేకు ఎందుకు అన్నారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది కూర్చుని ఎజైల్ ప్రకటన వ్రాసినప్పుడు కూడా ఇలాగే చేశారు. ఇది గొప్ప అని ఊరుకోకుండా, దానికంటే ఇది మిన్న అని నాలుగు జతలుగా చెప్పారు, వెనకబడ్డదానికీ విలువ ఉందని ఒప్పుకున్నారు. దేన్ని వదులుకుంటున్నామో చెప్పని సూత్రం సూత్రమే కాదన్నమాట.

మా తగాదాల్లో పెద్దది పేర్లది. తెలుగువాడి పేరు కంప్యూటరుకు పెట్టే బాధ ఇంతా అంతా కాదు. ఇంటిపేరు ముందు వ్రాసేవాళ్ళం మనం. ఫారములో "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" అని రెండు గళ్ళుంటాయి. ఒకడు ఇంటిపేరు ముందు గడిలో పెడతాడు, ఒకడు వెనక గడిలో పెడతాడు, మరొకడు పొడి అక్షరంతో సరిపెడతాడు. పదో తరగతి మెమోలో సుబ్బారావు ఒకే మాట, ఆధార్‌లో సుబ్బ వేరు, రావు వేరు. లక్ష్మికి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో లక్ష్ములనే అడగాలి. పెళ్ళయితే ఇంటిపేరు మారిన అమ్మాయిల సంగతి సరేసరి. మీలోనూ ఈ యాతన పడినవాళ్ళు ఉండే ఉంటారు.

ఇప్పుడు ప్రశ్న. మెమోలో పేరూ ఆధార్‌లో పేరూ కలవకపోతే ప్రోగ్రాము ఏం చెయ్యాలి? మొదట వ్రాసినప్పుడు దరఖాస్తును అక్కడికక్కడే తిరగ్గొట్టేలా వ్రాశారు. పైగా కారణం కూడా చూపించేది కాదు, "చెల్లదు" అని ఎర్ర అక్షరాలు మాత్రం వచ్చేవి. జట్టులో సగంమంది ఇది అన్యాయమన్నాం. మిగతా సగానికి నాయకుడు ఒక కుర్రాడు, చాలా తెలివైనవాడు.

"అన్నా, ఇది జనం డబ్బు. ఒకే మనిషి రెండు పేర్లతో రెండుసార్లు తీసుకుంటే, రేపు ఆడిట్ వాళ్ళకి సమాధానం ఎవరు చెప్తారు? నువ్వా, నేనా?"

వాడు ఊరికే అనలేదు. ఇంటర్నెట్టుకు పునాది వేసిన పెద్దల్లో ఒకరైన పోస్టెల్ 1980లో ఒక సూత్రం పెట్టారు. పంపేటప్పుడు కట్టుదిట్టంగా ఉండు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అని దాని భావం. నేను అదెత్తితే, వాడు 2023లో ఇంటర్నెట్టు ఇంజనీర్లే ప్రకటించిన ఒక పత్రం తెచ్చి ముందు పెట్టాడు. తప్పుడు సరుకును ఉదారంగా పుచ్చుకుంటూ పోతే ఆ తప్పే కొన్నాళ్ళకు ఆచారమై కూర్చుంటుందని అందులో వాదన. ఎదురుమాట చెప్పగల బుద్ధిమంతుడు దొరికాడు కదా అని పెద్దావిడ మురిసిపోయారు.

మూడు రోజులు పట్టింది తేలడానికి. చివరికి కాగితం మీదికి ఎక్కింది ఇది: "యంత్రానికి అనుమానం వస్తే మనిషిని అడగాలి, పని ఆలస్యమైనా సరే." ఊరుకుని ఒప్పుకోకూడదు, ఊరుకుని తిరగ్గొట్టకూడదు. కుర్రాడి భయమూ తీరింది, మా బాధా తీరింది. "పని ఆలస్యమైనా సరే" అనే చివరి ముక్క వ్రాయించడానికే ఆవిడ ఒక పూట పట్టుబట్టారు. అది లేకపోతే మిగతాదంతా రిసార్టు సూత్రమేనన్నారు.

ఆ ముక్క విలువ గడువు తేదీ దగ్గరపడ్డాక తెలిసింది. ఆగిపోయిన దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. కార్యాలయంలో వాటిని కళ్ళతో చూసి తేల్చేవాళ్ళు ముగ్గురే. ఏడు రోజుల్లో తేలనిదాన్ని ప్రోగ్రామే తిరగ్గొట్టేస్తే సరిపోతుందని పైనుంచి మాట వచ్చింది. మేనేజరుగారు మెత్తబడ్డారు. ఆయనకు మాత్రం ఒత్తిడి ఉండదా? అప్పుడు లేచి గోడవైపు వేలు చూపించింది నేను కాదు, పెద్దావిడ కాదు, ఆ కుర్రాడే. "సార్, ఆలస్యమైనా సరే అని మనమే వ్రాసుకున్నాం. తీసెయ్యాలంటే అందరం కూర్చుని తీసేద్దాం. అది గోడమీద ఉన్నంతకాలం ఈ కోడు నేను వ్రాయలేను." మొదట ఆ సూత్రానికి అడ్డుపడ్డవాడు వాడే సుమండీ.

మేనేజరుగారు ఆ మాటనే తీసుకెళ్ళి పైవాళ్ళకు చెప్పారు. కార్యాలయం వారు మరో ఇద్దరిని ఆ పనికి వేశారు. ఎర్ర అక్షరాల చోట, మీ దరఖాస్తు ఎందుకు ఆగింది, ఏ కాగితం తేవాలి అని తెలుగులో రెండు వాక్యాలు మేం పెట్టాం. ఇంతా చేసి అందరికీ మేలు జరిగిందని చెప్పను. డబ్బు ఆలస్యంగా వచ్చిన పిల్లలు ఉన్నారు. ఈలోపు ఫీజు గడువు దాటిపోయి అప్పు చేసి కట్టిన తల్లిదండ్రుల ఉత్తరాలు మా దాకా వచ్చాయి. ఆలస్యమైనా సరే అని మేం వ్రాసుకున్నాం, ఆ ఆలస్యం ఎవరు భరించాలో వ్రాయలేదు. అందుకని రెండో వాక్యం చేరింది: "దరఖాస్తు ఆగినన్నాళ్ళు దాని గడువూ ఆగాలి." దీన్ని కార్యాలయం చేత ఒప్పించడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది దరఖాస్తు పెట్టినవారికి ఆ వాక్యం వల్ల ఒరిగిందేమీ లేదు.

మిగతా తగాదాలు ఇంత బరువైనవి కావు. కొత్త దరఖాస్తు ఫారము, రెన్యువల్ ఫారము చూడ్డానికి కవలల్లా ఉండేవి. ఒకే పని రెండుచోట్ల వ్రాయకూడదన్నది మా వృత్తిలో చంటిపిల్లవాడికి కూడా తెలిసిన నీతి. కాని ఆ రెండు ఫారాలనూ మార్చమని అడిగే సెక్షన్లు వేరు, అడిగే వేళలు వేరు. ఏది విడిగా మారుతుందో దాన్ని విడిగా దాచిపెట్టమని పార్నాస్ అనే ఆయన 1972లోనే చెప్పాడు. ఆ మాట పట్టుకుని, రెంటినీ కలపవద్దని వ్రాసుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత కొత్త ప్రోగ్రాము జనంలోకి వదలవద్దన్నది ఇంకొకటి. దానిమీద వాదన ఎక్కువ నడవలేదు, శనివారం ఇంట్లో ఉండాలని అందరికీ ఉంటుంది.

ప్రతి వాక్యం పక్కనా పెద్దావిడ ఒక తేదీ వేయించారు. ఏడాది తిరిగేసరికి దాన్ని మళ్ళీ ముందుకు తీసుకుని, ఇది పుట్టిన తగాదా ఇంకా బ్రతికుందా అని చూడాలి. లేకపోతే కొట్టెయ్యాలి. రెన్యువల్ ఫారమే రద్దయ్యాక ఫారాల వాక్యం అలాగే పోయింది. దాన్ని కొట్టేసిన పెన్సిలు గీత ఇంకా కాగితం మీద ఉంది. ఇప్పుడున్నది అద్దం బిగించిన అచ్చుకాగితం కాదు, మామూలు తెల్లకాగితం, టేపుతో అంటించాం. ఆవిడ రిటైరై వైజాగులో ఉన్నారు. కుర్రాడు వేరే కంపెనీకి మారాడు. అక్కడికి మా వాక్యాలు తీసుకెళ్ళావా అని ఫోనులో అడిగితే, "లేదన్నా, తగాదాల లిస్టు ఎలా వ్రాయాలో అదొక్కటే తీసుకొచ్చాను" అన్నాడు.

ప్రస్తుతం గోడమీద మూడు వాక్యాలున్నాయి. నాలుగోదాని కోసం తగాదా నడుస్తోంది. ఈ కృత్రిమ మేధ పరికరాలు అడగ్గానే పేజీలకు పేజీలు ప్రోగ్రాము వ్రాసి ఇస్తున్నాయి కదా. వ్రాసింది ఏదైనా కానీ, జట్టులో ఒక మనిషి వరుసవరుసా వివరించలేని కోడు లోపలికి రాకూడదని కొందరం. అంత పట్టుదల పెడితే పక్క జట్టు మనకంటే మూడింతలు ముందుంటుందని మిగతావారు. పరీక్షలన్నీ నెగ్గితే చాలదా, వివరణ ఎందుకని టెస్టింగు అమ్మాయి కూడా ఈసారి అటువైపే ఉంది. ఆవిడకు ఎదురుచెప్పడం కష్టం. రెండు వారాలైంది, ఇంకా తెగలేదు. వచ్చే బుధవారం మళ్ళీ కూర్చుంటున్నాం.